అరవై మార్కుల మండలం

సోమవారం పొద్దున అయిదున్నరకు రూప్లా నాయక్ ఒక కొత్త రిజిస్టరు, ఎర్ర పెన్ను, నీలం పెన్ను, నాలుగు జొన్నరొట్టెలు సంచిలో సర్దుకున్నాడు. రిటైరయ్యాక తానూ భార్యా ఏ మండలంలో ఉండాలో ఆ వారంలోనే తేల్చేయాలని ఆయన పట్టుదల.

పాల్వంచ థర్మల్ కేంద్రంలో బాయిలర్ దగ్గర ఆయనది ముప్పై నాలుగేళ్ల సర్వీసు. గంటకోసారి మీటర్లు చూసి అంకెలు రాయడమే పని. అంకె లేని మాట మీద ఆయనకు నమ్మకం లేదు. ఎవరికైనా జ్వరం వచ్చిందంటే ఎంత అని అడుగుతాడు. కూర బాగుందంటే పదికి ఎన్ని అని ఆలోచిస్తాడు. నెలాఖరుకు ఉద్యోగం అయిపోతుంది, ఆ వెంటనే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. తండాలో ఉన్న ఇల్లు ఇద్దరు తమ్ముళ్ల పిల్లాపాపలకే చాలడం లేదు. "ఏడ మంచి ఇల్లు దొరికితే ఆడికి పోరాదు అన్నా" అన్నాడు పక్క క్వార్టరు దేవ్లా. ఆ సలహాలో ఒక్క అంకె కూడా లేకపోవడంతో రూప్లా దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఆయన రిజిస్టరులో ఏడు మండలాల పేర్లు రాసి, ఒక్కొక్క పేరుకెదురుగా ఆరు గడులు గీశాడు. నీళ్లు, దవాఖానా, బస్సు, కరెంటు, కోతులు, ఇరుగుపొరుగు. గడికి పది చొప్పున మొత్తం అరవై మార్కులు. అయిదు మండలాలను ఇంట్లో కూర్చునే ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. భద్రాచలానికి గోదావరి మరీ దగ్గర. మణుగూరులో ఎండ ఎక్కువ. సత్తుపల్లిలో భార్య మంగమ్మ చిన్నాన్న కొడుకులు నలుగురున్నారు. మరో రెండింటికీ అలాంటి కారణాలే దొరికాయి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి నేలకొండపల్లి పక్కనున్న కొండ్రుపాడు. రెండోది అశ్వారావుపేట దాటాక, పామాయిల్ తోటల మధ్య ఉన్న ఇప్పలగూడెం.

"నేను గూడ వస్త" అంది మంగమ్మ, టీగ్లాసు చేతికిస్తూ.

"నువ్వెందుకే? ముందుగాల్ల నేను చూసి మార్కులేస్త. తర్వాత నువ్వు ఖరారు చేద్దువు."

"ఆ ఆరు గడులల్ల నాకోసం ఒక్కటన్న ఉన్నదా?"

"ఆరూ నీకోసమే గదనే."

"మరి నాకేం గావాల్నో ఒక్కసారన్న అడిగినవా?"

"బస్సుకు టైమైంది" అన్నాడు రూప్లా. అది నిజమే. ఆరింటి బస్సుకు పదకొండు నిమిషాలే ఉంది.

కొండ్రుపాడులో దిగేసరికి తొమ్మిదిన్నర. రూప్లా మెడలో గుర్తింపు కార్డు వేలాడుతోంది. ముప్పై నాలుగేళ్ల అలవాటు కొద్దీ అది చొక్కాతోపాటు దానంతటదే మెడలోకి వస్తుంది. బస్టాండులో నిలబడి ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో రాసుకున్నాడు. బజారులో కోతుల్ని లెక్కపెట్టాడు. తర్వాత ఒక వీధి కుళాయి దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఒకావిడ బిందె పెట్టుకుని నిలబడి ఉంది. పైపు మొదట్లో నీళ్లు కారిపోతున్నాయి, కుళాయిలోంచి మాత్రం సన్నటి ధార వస్తోంది.

రూప్లా వాచీ చూసుకుంటూ అడిగాడు. "అక్కా, ఈ బిందె నిండేతందుకు ఎంతసేపైతది?"

"ఈ వేళ నిండుతుందా, రేపా అని అడగండి" అందావిడ. ఆమె పేరు సుశీలమ్మ. వాళ్ల పెద్దలు ఎప్పుడో కృష్ణాజిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. మెడలో కార్డు, చేతిలో రిజిస్టరు, కుళాయి ముందు చూసుకుంటున్న వాచీ, మూడూ గమనించి ఆమె ఇంట్లోకి కేకేసింది. "ఏమండీ, ఎవరో ఆఫీసరుగారు వచ్చారు!"

బసవపున్నయ్య పంచె సర్దుకుంటూ వచ్చాడు. ఊళ్లో ఏ సంగతైనా ముందు ఆయన చెవిన పడి, ఆ తర్వాత ఆయన నోటి నుంచే నలుగురికీ చేరాలి. ముప్పై ఏళ్లుగా అదే ఏర్పాటు.

"నమస్కారమండి. తమరు ఏ ఆఫీసు నుంచండి?"

"పాల్వంచ నుంచి వచ్చిన. మండలాలకు మార్కులేస్తున్న."

"మార్కులా! ఎవరు వేయమన్నారండి?"

"నేనే ఏస్త. కాని ఖరారు చేసుడు మంగమ్మ చేతుల ఉన్నది. ఆమె ఒప్పుకోకుంటే నేనెన్ని రాసినా ఫాయిదా లేదు."

"మంగమ్మగారు బాగా స్ట్రిక్టా అండి?"

"అబ్బో! ఒక్కపారి వద్దన్నదంటే ఇగ వద్దన్నట్టే. నేను ఇన్నేండ్ల సంది చూస్తున్న గద."

బసవపున్నయ్య గొంతు తగ్గించాడు. "మరి, మార్కులు తక్కువొస్తే ఏం చేస్తారండి?"

"కొట్టేసుడే. ఇప్పటికి అయిదు మండలాలు కొట్టేసిన" అని రూప్లా రిజిస్టరు తెరిచి చూపించాడు. ఎర్రగీతల కింద నలిగిన భద్రాచలాన్ని చూసి బసవపున్నయ్య మొహం పాలిపోయింది. అంత పెద్ద ఊరినే కొట్టేసినవాళ్లకు కొండ్రుపాడు ఒక లెక్కా? ఆయన రూప్లాను చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయి పెసరట్లు పెట్టించాడు, రెండుసార్లు కాఫీ ఇప్పించాడు, బస్సెక్కేదాకా వదలలేదు. రూప్లా ఎంతో సంతోషించి ఇరుగుపొరుగు గడిలో తొమ్మిది వేశాడు. మిగతా గడులు మాత్రం నిజాయితీగానే నింపాడు. మొత్తం ముప్పై ఒకటి.

ఆ సాయంత్రమే కొండ్రుపాడు ఫోన్లలో వార్త తిరిగింది. మార్కులు తక్కువొచ్చిన మండలాన్ని తీసేసి పక్క మండలంలో కలుపుతారట. మంగళవారం పొద్దుటికి అయిదు మండలాలు పోయాయి. మధ్యాహ్నానికి మంగమ్మ మేడం ఢిల్లీలో ప్రత్యేక శిక్షణ పొంది వచ్చింది. సాయంత్రానికి ఇంకా కచ్చితమైన సమాచారం అందింది: మిగిలినవి కొండ్రుపాడు, ఇప్పలగూడెం మాత్రమే, వాటిలో ఒకటి ఉంటుంది, ఒకటి పోతుంది. ఆఫీసరు బుధవారం ఇప్పలగూడెం వెళ్తాడన్న కబురు అక్కడి ఫోన్లకూ చేరింది. జిల్లాలు విడదీసిన రోజుల్లో ఏ ఆఫీసు ఎక్కడికి పోయిందో తెలియక తిరిగిన జనం కావడంతో అనుమానించినవాళ్లు తక్కువ. ఎనిమిది నెలలుగా కారుతున్న పైపుకు ఆ మధ్యాహ్నమే కొత్త ముక్క అతికించారు. సుశీలమ్మ బిందె నాలుగు నిమిషాల్లో నిండింది.

బుధవారం రూప్లా ఇప్పలగూడెంలో బస్సు దిగాడు. వీధి మొత్తం కడిగి ముగ్గులేసి ఉంది. ఇది ఈ ఊళ్లో రోజూ ఉండే శుభ్రతే అనుకుని ఆయన ముచ్చటపడ్డాడు. ఎదురుగా అనిల్‌కుమార్ పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన పామాయిల్ నర్సరీ యజమాని. వర్తక సంఘానికి అధ్యక్షుడు. ఊళ్లో ఇంకే సంఘం పెట్టినా దానికీ ఆయనే అధ్యక్షుడు.

"రాండ్రి సార్. నీళ్లు చూస్తరా, బస్సు చూస్తరా?"

రూప్లా నీళ్లన్నాడు. ఊరి ట్యాంకు మొత్తం ఆ ఒక్క వీధికే వదిలినట్టున్నారు, కుళాయి తిప్పగానే బకెట్టు ఎగిరి పక్కింటి గోడకు తగిలింది. బస్సు సరిగ్గా పదింటికి కదిలింది. అది తొమ్మిదింపావు బస్సు. ఆయన చూస్తుండగా టైముకు కదలాలని నలభై అయిదు నిమిషాలు ఆపి ఉంచారు. కిటికీల్లోంచి ప్రయాణికులు అనిల్‌కుమార్‌ను ఏవో అంటున్నారు. వీడ్కోలు చెబుతున్నారేమోనని రూప్లా కూడా చెయ్యి ఊపాడు.

"కోతులెట్ల మరి?" అని అడిగాడు.

"కోతులా? మా మండలంల కోతిని చూడాల్నంటే పిల్లల పుస్తకంల బొమ్మ చూసుడే సార్" అన్నాడు అనిల్‌కుమార్ ధైర్యంగా. ఆ ధైర్యానికి కారణముంది. పొద్దున్నే ఒక కొండముచ్చును పట్టుకొచ్చి బజారంతా తిప్పించాడు. కోతులన్నీ పరారయ్యాయి. ఎక్కడికి పరారయ్యాయో మాత్రం ఎవరూ చూడలేదు.

దవాఖానాకు తెల్లవారుజామునే సున్నం కొట్టించారు. ఇంకా ఆరలేదు. వెనక కిటికీ తెరిచి ఉంది, ముందు తలుపు మాత్రం అతిథి చేతుల మీదుగా తెరవాలని మూసి ఉంచారు. రూప్లా తలుపు తోశాడు. లోపల్నుంచి తెల్లటి కోతుల మంద ఒక్కసారిగా బయటికి దూకింది. షామియానా తాడు తెగింది. అరటిపళ్ల పళ్లెం గాల్లోకి లేచింది. ఒక పెద్ద కోతి అనిల్‌కుమార్ చేతిలోని దండ లాక్కుని, మెడలో వేసుకుని, ఆయన బైకు మీదెక్కి కూర్చుని పూలు తినసాగింది. జనం చెల్లాచెదురయ్యారు. రూప్లా ఒక్కడే కదలకుండా నిలబడి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ఇరవై మూడు. కోతుల గడిలో గుండ్రంగా సున్నా రాసి, కింద మొత్తం వేశాడు. నలభై నాలుగు.

"సార్, ఆ సున్నా కొట్టేయుండ్రి సార్!"

"నేను ఒక్కపారి రాస్తే దిద్ద" అన్నాడు రూప్లా. బాయిలర్ దగ్గర ఆయనకు దాంతోనే మంచిపేరు వచ్చింది.

అనిల్‌కుమార్ చొక్కా మీది సున్నం దులుపుకున్నాడు. "అయితే మేమే పోయి మంగమ్మ మేడంను కలుస్తం. ఆమె ఏడుంటది?"

రూప్లా ఆశ్చర్యపోయాడు. ఇక్కడివాళ్లకు మంగమ్మ ఎలా తెలుసు? మరుక్షణమే ఆశ్చర్యం తీరింది. మంగమ్మ చుట్టాలు లేని ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఎక్కడా లేదు. "క్వార్టర్ల ఉంటది, ఇంకేడుంటది. శనివారం రాండ్రి, అన్నం తిని పోదురు" అని నంబరుతో సహా చెప్పి బస్సెక్కాడు.

ఇంటికి రాగానే మంగమ్మతో అన్నాడు. "శనివారం మీవోళ్లు వస్తరంట."

"మావోళ్లెవరు?"

"ఇప్పలగూడెమోళ్లు. నిన్ను మేడం అంటున్రు. ఏం చుట్టరికమో మరి."

మంగమ్మ తన పుట్టింటి వరసలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చూసింది. ఇప్పలగూడెంలో ఎవరూ తగల్లేదు. అయినా రిటైర్‌మెంట్ సంగతి తెలిసి చూడటానికి వస్తున్నారంటే కాదనడం ఎలా? శనివారం పెద్ద గిన్నెలో బియ్యం కడిగి పెట్టింది. రూప్లా రిటైర్‌మెంట్ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి ప్లాంటుకు వెళ్లాడు.

పదింటికి ఇప్పలగూడెం నుంచి పద్దెనిమిది బైకులొచ్చాయి. అయిదు నిమిషాల తర్వాత కొండ్రుపాడు నుంచి వ్యానొచ్చింది. అవతలి మండలం వాళ్లు మేడం దగ్గరికి పోతున్నారని తెలిసి బసవపున్నయ్య ఊరుకోలేకపోయాడు. వచ్చే తోవ పొడవునా ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. పక్కన సుశీలమ్మ కూర్చుంది.

"మంగమ్మ మేడం?" అన్నాడు అనిల్‌కుమార్ గుమ్మంలో.

"అవ్, నేనే మంగమ్మ. లోపలికి రాండ్రి. చెప్పులు ఆడనే ఇడువుండ్రి."

ఆమె చీరకొంగుతో చెయ్యి తుడుచుకునేలోపే రెండు శాలువాలు, ఒక పెద్ద గులాబీల దండ ఆమె మీద పడ్డాయి. పెద్ద ఆఫీసరై ఉండి స్వయంగా వంట చేసుకుంటున్నదని చూసి జనం గౌరవంతో కరిగిపోయారు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఒక్కొక్కరే కష్టాలు చెప్పుకోసాగారు. చుట్టాలంటే కష్టసుఖాలు చెప్పుకోక ఏం చేస్తారని మంగమ్మ శ్రద్ధగా విన్నది. పింఛను ఆగిన ముసలమ్మను ఏ కాగితం ఎవరికిచ్చావని అడిగింది. బడికి గోడ లేదన్నాయనను నీ పిల్లలు ఆ బళ్లోనే చదువుతున్నారా అని అడిగింది. ఆయన మెల్లగా వెనక వరసలోకి జరిగాడు. మధ్యలో సుశీలమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి పొంగుతున్న అన్నం గంజి వార్చి వచ్చింది.

పన్నెండింటికి రూప్లా సందు మలుపు తిరిగాడు. ఇంటి ముందు చెప్పుల గుట్ట. వరండా నిండా జనం, అందరి మొహాలూ దిగులుగా ఉన్నాయి. ఒక ముసలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటోంది. ఆయన చేతిలోని కాగితాలు జారిపోయాయి. జనాన్ని తోసుకుంటూ వెళ్లి చూస్తే, మనుషుల సందుల్లోంచి కుర్చీలో కదలకుండా ఆనుకుని కూర్చున్న మంగమ్మ, మెడలో పూలదండ కనిపించాయి. బసవపున్నయ్య ఉపన్యాసం మొదలుపెట్టి ఇరవై నిమిషాలు కావడంతో ఆమె కళ్లు మూసుకుంది.

"మంగా!" అని రూప్లా ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నన్నిడిసిపెట్టి పోతివా! ఏ మండలమైతే నాకేందే! నువ్వు లేని మండలంల నేనేం జేసుకోవాలె! వస్త వస్త అన్నవు, ఒక్కనాడన్న ఎంబడి తీస్కపోకపోతి! నీకేం గావాల్నో అడగకపోతి!"

మంగమ్మ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. ఆ తర్వాత రెండు నిమిషాలపాటు ఆమె లంబాడీలో మాట్లాడింది. వచ్చినవాళ్లలో ఆ భాష తెలిసినవాళ్లు ఒకరిద్దరే అయినా అర్థం కానివాళ్లు లేరు. అంత గట్టిగా, అంత చనువుగా ఒక మనిషిని తిట్టాలంటే ఆమె అతని పై ఆఫీసరు అయ్యే అవకాశమే లేదు.

"అంటే, మేడం మీకు..." అన్నాడు బసవపున్నయ్య.

"భార్య" అన్నాడు రూప్లా కళ్లు తుడుచుకుంటూ. "మీకు మొదాలే చెప్పిన గద, ఖరారు చేసేది ఈమెనే అని. రిటైరైనంక మేము ఏ మండలంల ఉండాల్నో చూస్తున్నం."

మండలాలు పోవడం లేదన్న సంతోషం ముందు మొహాల్లో కనిపించింది. వెనువెంటనే ఇంకో భయం పుట్టింది. ఈ మనిషి రిజిస్టరుతో సహా తమ ఊళ్లోకి వచ్చి ఉండబోతున్నాడు. పొద్దున్నే కుళాయి దగ్గర వాచీ పట్టుకుని నిలబడతాడు. ఒకసారి రాస్తే దిద్దడు.

అనిల్‌కుమార్ ముందుగా తేరుకున్నాడు. "నిజం చెప్పాల్నంటే సార్, మా దగ్గర కోతుల బాధ మస్తుంటది. మీరే చూసిన్రు గద. కొండ్రుపాడైతే మీకు మంచిగుంటది."

"అబ్బే, మా నీళ్లు మీకు పడవండి" అన్నాడు బసవపున్నయ్య. "పామాయిల్ తోటల గాలి ఆరోగ్యమండి. ఇప్పలగూడెమే మీకు తగిన ఊరు."

"మాకు దవాఖానా గూడ సరిగ లేదు సార్. కొత్త సున్నమే ఉన్నది."

"మాకు అసలు బస్సులే రావండి!"

పొద్దున దాకా తమ మండలాన్ని ఆకాశానికెత్తినవాళ్లు ఒకరిని మించి ఒకరు దాన్ని పాతాళానికి తొక్కారు. రూప్లాకు కోపం రాలేదు. ఇంత నమ్మకమైన సమాచారం ఆయనకు వారం రోజుల్లో దొరకలేదు. గబగబా రిజిస్టరు తీసి రాసుకోబోయాడు. మంగమ్మ ఆ పెన్ను లాక్కుని కుర్చీలోంచి లేచింది.

"మార్కులు చాలు. ఇప్పలగూడేనికి నలభై నాలుగు, కొండ్రుపాడుకు ముప్పై ఒకటి, అంతేనా?"

"అవ్. లెక్క ప్రకారం ఇప్పలగూడెమే..."

"లెక్క నీది. నాకేం గావాల్నో ఇప్పుడిను. ముప్పై నాలుగేండ్లు నువ్వు రాత్రి డ్యూటీ జేసొచ్చి పగలు పండుకున్నవు. నీకు నిద్ర చెడతదని నేను ఇంట్ల గట్టిగ మాట్లాడలే. గిన్నె కింద పెట్టినా సప్పుడు గాకుంట పెట్టిన. ఎవరన్న తలుపు కొడితే బయటికి పోయి గుసగుస మాట్లాడిన. ఇయ్యాల రెండు గంటలు నోరారా మాట్లాడిన. పది మంది నా మాట ఇన్నరు. నాకు గదే గావాలె. మనుషులు వచ్చిపోయే ఇల్లు గావాలె."

రూప్లా రిజిస్టరు మూసేశాడు. ఆ గడి అందులో లేదు. గీసుకున్నా ఎన్ని మార్కులు వేయాలో ఆయనకు తెలియదు. ఇన్నేళ్లూ తాను హాయిగా నిద్రపోయిన ఇల్లు ఎవరు నోరు మూసుకుంటే అంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడే తెలిసివచ్చింది. "నువ్వెట్లంటే గట్లనే" అన్నాడు మెల్లగా.

వంటింటి గుమ్మంలోంచి సుశీలమ్మ ముందుకు వచ్చింది. "మా మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి వదినా. మెట్లు వీధిలోంచే. ఇంట్లో మనుషులు తిరగని రోజు ఉండదు. వచ్చేయండి."

"సుశీలా!" అన్నాడు బసవపున్నయ్య.

"మీరుండండి. ఎనిమిది నెలలు మీరు ఉపన్యాసాలిస్తే కారుతూనే ఉన్న పైపు, ఈయన ఒక్కసారి వాచీ చూసుకుంటే బాగుపడింది."

"నీళ్లు మంచిగొస్తయా వదినా?" అడిగింది మంగమ్మ.

"రోజూ ఇరవై నిమిషాలే వస్తాయి. లేనిది ఉందని మీకెందుకు చెప్పాలి?"

మంగమ్మ తన భుజాల మీది శాలువా ఒకటి తీసి సుశీలమ్మ భుజాల మీద కప్పింది. "ఇగ అందరు అన్నాలకు కూసోండ్రి" అంది. గట్టిగానే అంది. పక్క క్వార్టరులో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న దేవ్లా లేచి బయటికి వచ్చాడు.

నెల దాటిన మూడో రోజున సామాను లారీకెక్కింది. మంగమ్మ దారి పొడవునా డ్రైవరుతో మాట్లాడుతూనే ఉంది. రూప్లా మధ్యలో కూర్చుని విన్నాడు, ఎన్ని మైళ్లు వచ్చామో ఒక్కసారి కూడా అడగలేదు. కొండ్రుపాడులో బసవపున్నయ్య ఇంటి ముందు లారీ ఆగేసరికి సామాను దించడానికి పదకొండు మంది ఎదురుచూస్తున్నారు. వాళ్లలో తొమ్మిది మంది చేతుల్లో మంగమ్మ మేడంకు రాసిన వినతిపత్రాలున్నాయి.